బుష్షులు పోయాయి సార్!

కారున్న ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వినే ఉంటాడు. ముందు చక్రం దగ్గర టకటకమని చప్పుడొస్తోందని మెకానిక్ దగ్గరికి తీసుకెళతాం. ఆయన కిందకి దూరి, ఓ ఇనప కడ్డీ పెట్టి అటూ ఇటూ ఎగదన్ని చూసి, బయటకొచ్చి చేతులు తుడుచుకుంటూ "బుష్షులు పోయాయి సార్" అంటాడు. మనం అంతా అర్థమైనట్టు తలూపేసి డబ్బులిచ్చి వచ్చేస్తాం. అసలా బుష్షులనేవి ఎక్కడుంటాయి, ఏం చేస్తాయి, ఎందుకు పోతాయి అని అడిగేవాళ్ళు తక్కువ.

నిజానికి అదేమంత పెద్ద వస్తువు కాదు. గతుకుల్లో చక్రం పైకీ కిందకీ కదలాలంటే, దాన్ని పట్టుకున్న ఇనప చేతులు కారు చట్రం దగ్గర తలుపు మడతబందులాగా తిరగాలి. ఆ చేతుల్ని విష్‌బోన్లు అంటారు. అవి చట్రానికి తగులుకున్న చోట ఇనుముకీ ఇనుముకీ మధ్య దూర్చిన రబ్బరు గొట్టమే బుష్. చిన్న కారువైతే అరచేతిలో నాలుగు పడతాయి.

ఇంత చిన్న ముక్క గురించి ఇంత రాయాలా అంటారా? రాయాలనే నా ఉద్దేశం. "దీనికి మెయింటెనెన్స్ అక్కర్లేదండీ" అనే మాట కార్లలోకి వచ్చిన దారుల్లో ఈ రబ్బరు ముక్క ఒకటి. అక్కర్లేకుండా పోయిన ఆ పని మాయమైందా, లేక ఇంకెవరి నెత్తిమీదో పడిందా అన్నది నాకు ఎప్పటినించో ఉన్న ప్రశ్న. సాఫ్ట్‌వేర్లో ఉన్నవాళ్ళకి ఈ అనుమానం ఎందుకొస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

ఉదాహరణకి ఎమ్‌జీబీ అనే కారు తీసుకుంటాను. ఇవాళ మన రోడ్ల మీద హెక్టర్ల ముందు కనపడే ఆ ఎనిమిది పలకల ఎమ్‌జీ ముద్ర చేతులు మారీ మారీ చివరికి చైనా కంపెనీకి చేరింది గానీ, పుట్టింది ఇంగ్లండులో. ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఆబింగ్డన్ అనే ఊళ్ళో 1962 నించి 1980 దాకా ఎమ్‌జీబీలు తయారయ్యాయి. మొత్తం 5 లక్షల పైచిలుకు. ఒక స్పోర్ట్స్ కారుకి అప్పట్లో అది మామూలు సంఖ్య కాదు. వాటిలో ఎక్కువ భాగం అమెరికా వెళ్ళిపోయాయి. అందుకే ఇప్పటికీ కాలిఫోర్నియాలో ఏ ఆదివారం పూటో పైకప్పు తీసేసి తిరిగే ముసలాయన ఒకడు కనపడతాడు.

తమాషా ఏమిటంటే 1962లో కొత్తగా వచ్చిన ఈ కారు ముందు సస్పెన్షన్ అప్పటికే పాతది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందే అలెక్ ఇసిగోనిస్, జాక్ డేనియల్స్ (విస్కీ కాదు, మనిషే) కలిసి ఒక ఎమ్‌జీ సెడాన్ కోసం గీసిన డిజైను అది. యుద్ధం వల్ల ఆగి, 1947లో వై టైప్ కారుతో బయటికొచ్చింది. తర్వాత 1950లో టీడీ, 1955లో ఎమ్‌జీఏ, 1962లో ఎమ్‌జీబీ.. అలా చిన్న చిన్న మార్పులతో 1980 దాకా లాక్కొచ్చారు. పనిచేస్తున్న కోడ్‌ని ఎవరు ముట్టుకుంటారు చెప్పండి?

అందువల్ల ఎమ్‌జీబీ ముందు చక్రం విప్పితే రెండు యుగాలు పక్కపక్కనే కనపడతాయి. విష్‌బోన్ బయటి కొస దగ్గర, అంటే చక్రం వైపు, కింగ్ పిన్ ఉంటుంది. అది ఇనుములో ఇనుము తిరిగే పాతకాలం కీలు. దానికి గ్రీజు కొట్టాలి. లోపలి కొస దగ్గర, అంటే చట్రం వైపు, రబ్బరు బుష్. దానికి గ్రీజు తగలకూడదు. ఒకే చేతికి ఒక చివర గ్రీజు ప్రాణం, ఇంకో చివర గ్రీజు విషం.

ముందు ఆ గ్రీజు యుగం సంగతి. 1920ల్లో కారంటే కమాన్ పట్టీలు, వాటి కొసల్లో కంచు బుష్షులు, స్టీలు పిన్నులు. అన్నీ ఒకదానికొకటి రాసుకునేవే. కొన్ని వందల మైళ్ళకోసారి కారు కిందకి దూరి, ఒక్కో చోటా నూనో గ్రీజో పెట్టాలి. ఒక కారుకి ఇరవై ముప్ఫై చోట్లు ఉండేవి. కారున్న దొర అద్దం తుడవకపోయినా నడిచేది గానీ, డ్రైవరు గ్రీజు పెట్టకపోతే నడిచేది కాదు. ఈ గొడవ తగ్గించటానికి ఎన్ని తంటాలు పడ్డారో! ఆస్కార్ జెర్క్ అనే ఆయన గ్రీజు గన్ మూతి సరిగ్గా కూర్చునే చిన్న నిపుల్ కనిపెట్టి 1929లో అమెరికాలో పేటెంట్ తెచ్చుకున్నాడు. ఆ బొడిపె ఇప్పటికీ మన లారీల కింద ఉంది. డబ్బున్నవాళ్ళ దారి వేరు. అదే 1929లో వచ్చిన రోల్స్ రాయిస్ ఫాంటమ్ 2లో డ్రైవరు కాలితో ఒక పెడల్ తొక్కితే సన్నటి గొట్టాల ద్వారా చాసిస్ అంతటికీ నూనె వెళ్ళేది. బిజుర్ అనే కంపెనీ పద్ధతి అది. పనిని తీసెయ్యటం కాదు, పనిని ఆటోమేట్ చెయ్యటం అన్నమాట.

మనకి ఇదంతా మరీ దూరం కథేం కాదు. 2014లో ఉత్పత్తి ఆగిపోయిన అంబాసిడర్ కూడా ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సంతానమే కాబట్టి, సర్వీసింగ్ అంటే వాషింగూ గ్రీజింగూ అని మన ఊళ్ళల్లో బోర్డులు ఉండేవి. గ్రీజింగ్ అనే మాట ఆ బోర్డుల మీంచి ఎప్పుడు చెరిగిపోయిందో ఎవరూ గమనించినట్టు లేరు.

దాన్ని చెరిపేసింది రబ్బరు. ఇందులో ఉన్న కిటుకు చాలా అందమైంది. కంచు బుష్‌లో పిన్ను తిరుగుతుంది, అంటే ఒక తలం మీద ఇంకో తలం జారుతుంది. జారితే అరుగుతుంది, అరక్కుండా నూనె కావాలి. రబ్బరు బుష్‌లో అసలు ఏదీ జారదు. లోపలి స్టీలు గొట్టాన్ని రబ్బరు గట్టిగా పట్టుకుని ఉంటుంది, బయటి దాన్నీ పట్టుకుని ఉంటుంది. చేయి పైకి లేచినప్పుడు మధ్యలో రబ్బరు మెలిపడుతుంది, కిందకి దిగితే ఆ మెలి విడుతుంది. చక్రం కదిలేది కొద్ది డిగ్రీలే కాబట్టి ఆ మాత్రం మెలి రబ్బరు భరిస్తుంది. జారుడు లేదు, అరుగుడు లేదు, నూనె అక్కర్లేదు, పైగా రోడ్డు చప్పుడు కారులోకి రాదు. చప్పుడు రాదు కాబట్టే ఫ్రాన్సులో దీనికి సైలెంట్‌బ్లాక్ అని పేరుపెట్టి అమ్మారు. అమ్మినాయన ఫ్రాన్సువా రెపుసో, 1925లో రెనో కారు నడిపి మాంటే కార్లో ర్యాలీ గెలిచిన మనిషి. 1931లో ప్లిమత్ కార్ల ఇంజన్నే రబ్బరు దిమ్మల మీద కూర్చోబెట్టి క్రైస్లర్ కంపెనీ ఊరంతా ప్రచారం చేసుకుంది. రబ్బరు ఇనుముకి ఊడకుండా అతుక్కోవటం పెద్ద సమస్యయ్యేది. ఇనుము మీద పల్చగా ఇత్తడి పూత పూసి, దానిమీద రబ్బరుని ఉడికిస్తే రబ్బరులో గంధకమూ ఇత్తడిలో రాగీ కలిసి పట్టు కుదురుతుందని తేలాక, ఇంగ్లండులో మెటలాస్టిక్ లాంటి కంపెనీలు దీన్నే వ్యాపారంగా పెట్టుకున్నాయి.

ఇంతకీ రబ్బరుని ఉడికించటం ఎవరు కనిపెట్టారు? ఇక్కడ మనవాళ్ళకి నచ్చే రివర్స్ ఇంజనీరింగ్ కథ ఒకటుంది. పచ్చి రబ్బరు ఎండకి జిగురుగా కారిపోతుంది, చలికి పెళుసవుతుంది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ దాంట్లో గంధకం కలిపి వేడిచేస్తే ఆ రెండు రోగాలూ కుదురుతాయని కనుక్కున్నాడు. కనుక్కున్నాడు గానీ వెంటనే పేటెంట్ చేయించలేదు. 1842లో స్టీఫెన్ మోల్టన్ అనే ఆయన చేతికి కొన్ని నమూనా ముక్కలిచ్చి, ఇంగ్లండులో ఎవరైనా కొంటారేమో చూడమన్నాడు. ఆ ముక్కలు అటు తిరిగీ ఇటు తిరిగీ థామస్ హాంకాక్ కంట పడ్డాయి. ఆయన అప్పటికి ఇరవై ఏళ్ళుగా రబ్బరుతో కుస్తీ పడుతున్నవాడు. ముక్క పైన పసుప్పచ్చ పొడి చూడగానే లోపల గంధకం ఉందని అర్థమైంది. 1843 నవంబరులో ఇంగ్లండు పేటెంటుకి దరఖాస్తు చేసేశాడు. గుడ్‌ఇయర్‌కి అమెరికా పేటెంట్ వచ్చింది 1844 జూన్‌లో. తను ఆ ముక్కల్ని రసాయన పరీక్ష చెయ్యలేదని హాంకాక్ తర్వాత గట్టిగానే వాదించాడు. నాకు మాత్రం, జవాబు ఉందని తెలిశాక దాన్ని వెతకటం, ఉందో లేదో తెలీకుండా వెతకటం.. ఈ రెండూ ఒకటి కావనిపిస్తుంది. గుడ్‌ఇయర్ 1860లో అప్పులతో పోయాడు. ఆయన పేరు మీదున్న టైర్ల కంపెనీ 1898లో వేరేవాళ్ళు పెట్టింది, ఆయన కుటుంబానికి దాంతో సంబంధం లేదు.

నమూనాలు మోసుకొచ్చిన స్టీఫెన్ మోల్టన్ 1848లో బ్రాడ్‌ఫర్డ్ ఆన్ ఏవన్ అనే ఊళ్ళో తనే రబ్బరు ఫ్యాక్టరీ పెట్టాడు. ఆయన మునిమనవడే అలెక్స్ మోల్టన్. మన ఇసిగోనిస్‌కి స్నేహితుడు. 1959లో వచ్చిన మినీ కారులో స్టీలు స్ప్రింగులే తీసేసి రబ్బరు శంకువులు పెట్టింది ఈయనే. అంటే ఇసిగోనిస్ ఎమ్‌జీకి కీళ్ళల్లో రబ్బరు పెట్టి, మినీకొచ్చేసరికి స్ప్రింగే రబ్బరుది చేశాడన్నమాట.

సరే, రబ్బరు వండటం తెలిసింది. పాలు ఎక్కణ్ణించి? 1876లో హెన్రీ విక్‌హామ్ బ్రెజిల్ నించి 70 వేల దాకా రబ్బరు గింజలు లండన్ క్యూ తోటకి చేరేశాడు. మొలకెత్తినవి కొద్ది వేలే. వాటి పిల్లలే సిలోనుకీ సింగపూరుకీ వెళ్ళాయి. సింగపూరు తోట డైరెక్టరు హెన్రీ రిడ్లీ చెట్టు చావకుండా గాటు పెట్టి పాలు తీసే పద్ధతి రుద్ది రుద్ది చెప్పాడు. కార్లు పెరిగి టైర్లకి గిరాకీ వచ్చేసరికి మలయా అడవులు రబ్బరు తోటలైపోయాయి. ఆ తోటల్లో పనికి తెల్లవాళ్ళు మనుషుల్ని తెచ్చుకుంది ఎక్కువగా మద్రాసు ప్రెసిడెన్సీ నించి. తమిళులు ఎక్కువ, వాళ్ళతోపాటు మన తెలుగువాళ్ళూ ఉన్నారు. విశాఖ, గోదావరి ప్రాంతాల నించి ఓడెక్కినవాళ్ళు. మొదట కూలి ఒప్పందాల మీద. 1910లో అవి ఆగిపోయాక కంగాణీల ద్వారా. కంగాణీ అంటే తోట నించి సొంతూరికి వచ్చి, అడ్వాన్సులిచ్చి తనవాళ్ళని వెంటపెట్టుకెళ్ళే మేస్త్రీ. ఆ ప్రయాణాలని భారత ప్రభుత్వం 1938లో ఆపింది.

రబ్బరు పాలు తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడే బాగా కారతాయి. కాబట్టి చీకటితో లేవాలి. పాత గాటు అంచు మీద మిల్లీమీటరు మందాన బెరడు చెక్కాలి. ఎక్కువ లోతైతే చెట్టు దెబ్బతింటుంది, తక్కువైతే పాలు రావు. ఒక్కో మనిషికి రోజుకి వందల చెట్లు. ఎండెక్కేలోపు గిన్నెలన్నీ పోగుచేసి, ఆమ్లం కలిపి పేరబెట్టి, పలకలుగా ఒత్తి పొగ పెట్టాలి. కౌలాలంపూర్‌లో ఓ ప్రాజెక్టు మీద ఉన్న రోజుల్లో, అక్కడే పుట్టి పెరిగిన తెలుగాయన ఒకాయన మాతో పనిచేసేవాడు. "మా మామ్మ చేతులు కడుక్కున్నా ఆ వాసన పోయేది కాదండీ" అన్నాడొకసారి, అదేదో మామూలు విషయంలాగా. ఆయన తెలుగు మన సీరియళ్ళ తెలుగు కాదు, వందేళ్ళ కిందటి తూరుపు యాస. అక్కడివాళ్ళు 1955లోనే మలయా ఆంధ్ర సంఘం పెట్టుకుని భాష నిలుపుకున్నారు. హైటెక్ సిటీ నించి సైబర్‌జయకి వెళ్ళే మనం "ఇక్కడ కూడా తెలుగువాళ్ళున్నారే!" అని ఆశ్చర్యపోతాం. వాళ్ళు మనకన్నా మూడు తరాల ముందు వెళ్ళారు, విమానంలో కాదు.

1960ల్లో ప్రపంచ సహజ రబ్బరులో అందరికన్నా పెద్ద వాటా మలయాదే. యుద్ధంలో మలయా జపాను చేతికి పోయినప్పుడు అమెరికా కృత్రిమ రబ్బరు చేసుకుంది నిజమే గానీ, వేల సార్లు మెలిపెట్టినా చిరక్కుండా నిలిచే గుణంలో సహజ రబ్బరుదే పైచెయ్యి. అందుకే బుష్షులకి అదే వాడుతూ వచ్చారు. ఏ బుష్‌లో ఏ తోట పాలున్నాయో చెప్పలేం. గ్రీజు గన్ పట్టుకుని కారు కింద దూరే పని ఒకడికి తప్పింది, గాటు కత్తి పట్టుకుని చీకట్లో చెట్లవెంట తిరిగే పని ఇంకొకరికి వచ్చింది.. ఇది మాత్రం చెప్పగలం.

పైగా తప్పిన పని కూడా పూర్తిగా తప్పలేదు, వాయిదా పడింది. రబ్బరు అరగదు గానీ ముసలిదవుతుంది. గాలిలో ఓజోన్ దాన్ని పగలగొడుతుంది. 1950 ప్రాంతాల్లో లాస్ ఏంజలెస్‌లో పొగమంచు విపరీతంగా ఉన్నప్పుడు, అక్కడ టైర్లు మిగతా ఊళ్ళకన్నా త్వరగా పగుళ్ళిస్తున్నాయని గమనించారు. హాగెన్ స్మిట్ అనే శాస్త్రవేత్త బృందం రబ్బరు ముక్కల్ని వంచి గాల్లో పెట్టి, అవి ఎంత త్వరగా పగులుతాయో చూసి ఓజోన్ కొలిచింది. రబ్బరు చావే కొలబద్ద! ఇక మినరల్ ఆయిల్ తగిలితే సహజ రబ్బరు ఉబ్బి మెత్తబడి గుజ్జవుతుంది. పాత బ్రిటిష్ ఇంజన్లు ఆయిల్ కార్చటంలో ఎంత ఉదారమో తెలిసినవాళ్ళకి తెలుసు. గ్రీజు చుక్కకి లక్షణం ఏమిటంటే, తగ్గగానే కీచుమని చెబుతుంది. బుష్ చెప్పదు. ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా వదులవుతూ ఉంటుంది, నడిపేవాడు కూడా దానితోపాటే అలవాటు పడిపోతాడు.

అమెరికాలో మా ఆఫీసులో ఒకాయన దగ్గర 1969 ఎమ్‌జీబీ ఉండేది. బ్రేకు వేస్తే కారు ఒక పక్కకి లాగేది. టైర్లు మార్చాడు, అలైన్‌మెంట్ చేయించాడు, షాక్ అబ్జార్బర్లు మార్చాడు. ఆ గ్యారేజీలో రెండు శనివారాలు నేనూ సాయం వెళ్ళాను. పని కష్టమైంది కాదు గానీ జాగ్రత్త కావాలి. కారుని స్టాండ్ల మీద నిలబెట్టి, స్ప్రింగు పళ్ళెం కింద జాకీ ఆనించి, పై కీలు బోల్టు విప్పి జాకీని మెల్లగా దించాలి. నొక్కుకుపోయి ఉన్న స్ప్రింగు అది, ఒక్కసారిగా వదిలితే ఎముకలు మిగలవు. బ్రేకు గొట్టం మీద బరువు పడకుండా చక్రం బొడ్డుని తాడుతో కట్టాలి. తర్వాత విష్‌బోన్ చేతులు విడివిడిగా ఊడొస్తాయి. మా బుష్షులు బయటికి రాలేదు, రాలాయి. బొగ్గు పెళ్ళల్లాగా. ఒక చోట రబ్బరు పూర్తిగా పోయి, ఇనప చేయి ఇనప పిన్ను మీదే కూర్చుని రాసుకుంటోంది. అంటే బ్రేకు వేసిన ప్రతిసారీ ఆ చక్రం తనిష్టమొచ్చినంత వెనక్కి జరుగుతోంది. పైన ఎన్ని మార్చితే ఏం లాభం, అడుగున లైబ్రరీ విరిగిపోయి ఉంటే?

కొత్తవి ఏం వెయ్యాలన్నదగ్గర పెద్ద వాదన జరిగింది. మూడు దారులు. ఒకటి, ఫ్యాక్టరీలో వేసినలాంటి మామూలు రబ్బరు బుష్షులు. రెండు ముక్కలు కలిస్తే ఒక బుష్, కారుకి ముందు వైపు 8 ముక్కలు. చవక. రెండోది వీ8 బుష్. 1973 నించి 1976 వరకు ఎమ్‌జీబీ జీటీ వీ8 అని 2,591 కార్లు చేశారు. దాని కోసం స్టీలు గొట్టానికి అతికించిన ఒకే ముక్క రబ్బరు బుష్ పెట్టారు. అది మామూలు ఎమ్‌జీబీలోనూ పడుతుంది, 4 చాలు. మూడోది పాలీయురెథేన్. 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ కనిపెట్టిన ప్లాస్టిక్ కుటుంబం. ఆయిలుకి లొంగదు, ఎర్రగానో నీలంగానో మెరుస్తూ ఉంటుంది, కుర్రాళ్ళకి మహా ఇష్టం.

మెరుస్తుంది సరే, అది పనిచేసే తీరు వేరు. పాలీ బుష్ మెలిపడదు, గొట్టం మీద జారుతుంది. జారితే? మళ్ళీ గ్రీజు కావాలి, సిలికాన్ గ్రీజు. లేకపోతే కీచుకీచు. అంటే తొంభై ఏళ్ళ కిందట వదిలించుకున్న పనిని ఎక్కువ డబ్బులిచ్చి తిరిగి కొనుక్కోవటమే! రేసు ట్రాక్ మీద తిరిగేవాళ్ళకి ఆ బిగువు కావాలి, వాళ్ళ లెక్క వేరు. ఎమ్‌జీబీలో బుష్ పని కీలు, చప్పుడు ఆపటం, అంతే కాబట్టి ఏది వేసినా కారు కొంపలేం మునగవు. తర్వాతి కార్లలో అలా కాదు. 1977లో వచ్చిన పోర్షె 928 వెనక సస్పెన్షన్‌లో, యాక్సిలరేటర్ వదిలినా బ్రేకు వేసినా చక్రం బయటికి తిరగకుండా కొంచెం లోపలికే తిరిగేలా కీళ్ళ సాగుడుని లెక్కగట్టి డిజైన్ చేశారు. అక్కడ మెత్తదనం లోపం కాదు, ఫీచరు. అలాంటి కారులో తెలీకుండా గట్టి బుష్షులు కొట్టిస్తే ఇంజనీరు రాసిన లైన్లని కామెంట్ చేసినట్టే.

మేము వీ8 బుష్షులు వేశాం. నా ఓటు దానికే, మళ్ళీ అడిగినా దానికే. ఎక్కించటానికి సబ్బు నీళ్ళు వాడాలి, గ్రీజు కాదు. ఇంకొకటి, చాలామంది మెకానిక్కులు పట్టించుకోనిది: నట్టు చివరి బిగింపు కారు గాల్లో ఉండగా చెయ్యకూడదు. చక్రాలు నేల మీద ఆనించి, కారు తన బరువుతో తను కూర్చున్నాక బిగించాలి. అతుక్కుని ఉండే రబ్బరు కదా, ఏ భంగిమలో బిగిస్తే ఆ భంగిమే దానికి విశ్రాంతి. గాల్లో చక్రం వేలాడుతుండగా బిగిస్తే, నేలకి దిగగానే మెలిపడి, ఇక జీవితమంతా ఆ మెలితోనే బతుకుతుంది, రెండేళ్ళల్లో చిరుగుతుంది. కొత్త బుష్షులు కూడా త్వరగా పోతున్నాయని తిట్టుకునేవాళ్ళల్లో కొంతమంది కథ ఇదే అయ్యుంటుంది.

అంతా అయ్యాక తిప్పి చూస్తే బ్రేకుకి లాగటం పోయింది. మిగిలింది బయటి కొస. కింగ్ పిన్నులకి ఒక్కో పక్క 3 చొప్పున మొత్తం 6 నిపుల్స్, 3 వేల మైళ్ళకోసారి గ్రీజు కొట్టమని మాన్యువల్లో రాసి ఉంది. గ్రీజు గన్ కొనుక్కొచ్చి కూర్చున్నాం. ఆరింట్లో రెండిటి మీద ఏ కాలంలోనో ఎవరో నల్ల రంగు దట్టంగా పూసేసి ఉన్నారు. సూదితో గీకి తెరవటానికి ఆ సాయంత్రమంతా పట్టింది.